అర అంగుళం

బైండరమ్మ వాళ్ళాయన బస్సు కండక్టరు. రోజంతా నిలబడి నలుగురినీ నవ్వించే ఉద్యోగం కాబట్టి ఇంటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. "మా ఆవిడకు బైబిలు వాక్యం చెప్పేటప్పుడు జాగ్రత్తగా చెప్పండి, సాయంత్రానికి అమలైపోతుంది" అని గుడిలో అయ్యగారినే హెచ్చరించేవాడు.

అది వట్టి వేళాకోళం కాదు. ఒక చలికాలం ఉదయం, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలన్న మాట ఆమె చదువుకునే వరుసలో వచ్చింది. సాయంత్రం ఆయన బస్సు దిగి వస్తూంటే, తన రెండో స్వెట్టరు వీధి చివర చెప్పులు కుట్టే ముసలాయన ఒంటి మీద ఎదురైంది.

"ఆ రెండూ నావి కదే? దానం చేయాల్సింది నేను కదా?" అన్నాడు ఇంట్లోకి రాగానే.

"మీరు చేసేదాకా ఆగితే ఎండాకాలం వచ్చేస్తుందండీ."

"పోనీ, రెండు చీరలున్న వాళ్ళ గురించి ఏమైనా రాసి ఉందేమో చూడు."

ఆమె చూసింది. మర్నాడు ఒక చీర కూడా వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

వీధివైపు గదే ఆమె పనిచోటు. మామగారి దగ్గర నేర్చుకున్న పుస్తకాల బైండింగు పని. గోడవారన ఇనప చక్రంతో బిగించే కటింగు మిషను, దాని పక్కన దారపు ఉండలు, అట్టలు, మైదా జిగురు గిన్నె, కిటికీ కింద కత్తిరించిన కాగితం ముక్కల గోనెసంచి. బడి లైబ్రరీ పుస్తకాలు, వకీళ్ళ కట్టలు, రేపే ఆఖరి రోజంటూ పరుగెత్తుకొచ్చే విద్యార్థుల పరిశోధన వ్యాసాలు అన్నీ ఆ బల్ల మీదికే చేరేవి. మూసి ఉన్న పుస్తకం అంచు చూసి, ఎక్కడ ఎక్కువసార్లు తెరిచారో ఆమె చెప్పగలదు. వేలి మురికి అక్కడ ఒక పట్టీలా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాల అంచు మొదట్లో నల్లగా ఉండి చివరికి తెల్లబడుతుంది. "జూన్ నెలలో పిల్లలందరూ బుద్ధిమంతులే" అనేది.

తన బైబిలుకు మాత్రం మురికి అంటనిచ్చేది కాదు. తెల్లారగానే చేతులు సబ్బుతో కడుక్కుని, జిగురు గిన్నె ముట్టకముందే మూడు అధ్యాయాలు చదివేది. ఎక్కడా దాటవేయకుండా, వరుసగా. మొదటి నుంచి చివరి దాకా ఒకసారి పూర్తయితే వెనక అట్ట లోపల ఒక గీత గీసేది. అలా ఇరవై రెండు గీతలున్నాయి. చదివింది చేయడమే ఆమెకు తెలిసిన భక్తి. అబద్ధం ఆడవద్దంటే ఆడేది కాదు. అప్పగించిన పని నమ్మకంగా చేయమంటే అట్ట లోపల, ఎవరూ చూడని చోట కూడా కుట్టు సమంగా ఉండేది. ఒక్క అధ్యాయం దగ్గరే తేడా. ప్రేమ అసూయపడదని చెప్పే ఆ అధ్యాయం వచ్చిన రోజు ఆమె కాస్త తొందరగా చదివేది.

ఎందుకంటే ఆమెకొక తోడికోడలు ఉంది.

చిన్నకోడలు ఆస్పత్రిలో నర్సు. గుడికి ఆలస్యంగా, ఒక్కోసారి డ్యూటీ బట్టల్లోనే వచ్చేది. ప్రసంగం మొదలవగానే కునికేది. చివరి పాటకు ఉలిక్కిపడి లేచి అందరికంటే గట్టిగా పాడేది. వాక్యం ఒక వరుసలో చదివిన పాపాన పోలేదు. ఎక్కడ తెరుచుకుంటే అక్కడ నాలుగు మాటలు చదివి మూసేది. అయినా ఆమె కనబడితే అందరి ముఖాలూ విప్పారేవి. "నర్సమ్మ వచ్చింది" అని బెంచీల్లో జరిగి చోటిచ్చేవారు. బైండరమ్మ అరగంట ముందే వచ్చి కుర్చీలు తుడిచి పెట్టేది. ఆమె వచ్చిందని ఎవరూ అనేవారు కాదు, ఎప్పుడూ ఉంటుంది కాబట్టి.

ఇదంతా పైపైన గీసుకున్న గాయం. లోతుగా దిగిన ముల్లు అత్తగారు.

ఆవిడ పదకొండేళ్ళు పెద్దకోడలి దగ్గరే ఉంది. చివరి మూడేళ్ళు మంచం మీదే. రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టడం, ఒళ్ళు తుడవడం, మందులు, దుప్పట్లు, అన్నీ బైండరమ్మే. చిన్నకోడలు ఆదివారం మధ్యాహ్నం వచ్చేది. చెప్పులు గుమ్మంలో విసిరేసి, అత్తగారి మంచం మీదే బాసింపట్టు వేసుకుని, వార్డులో జరిగిన కథలు చెప్పేది. ముసలావిడ దగ్గు వచ్చేదాకా నవ్వేది. ఆ నవ్వు వంటగదిలోకి వినిపించేది. అక్కడ గరిట ఒక్క క్షణం ఆగి, మళ్ళీ గిన్నెను గట్టిగా గీరేది.

చూడవచ్చిన వాళ్ళతో అత్తగారు, "పెద్దమ్మాయి నాకు కాళ్ళూ చేతులూ" అనేది. వాళ్ళు బైండరమ్మను మెచ్చుకుంటూ వెళ్ళేవారు. ఆమె మాత్రం దుప్పటి ఉతుకుతూ అనుకునేది: తన కాళ్ళతో, చేతులతో ఎవరైనా కూర్చుని కబుర్లు చెబుతారా?

పోయే ముందు రోజు అత్తగారు దిండు పక్కనున్న తన బైబిలు మీద చెయ్యి వేసి, "ఇది చిన్నమ్మాయికి ఇవ్వు" అంది. "సరే అత్తయ్యా" అని బైండరమ్మ ఆవిడ పెదాలు తడిగుడ్డతో తుడిచింది. ఇంకేమైనా చెబుతుందేమోనని కాసేపు నిలబడింది. ఆవిడ నిద్రపోయింది.

అది జరిగిన ఏడాదిన్నరకు ఆ పుస్తకం తువ్వాలులో చుట్టుకుని బైండింగు బల్ల మీదికి వచ్చింది.

"అక్కా, పేషెంటును తెచ్చాను. నడుం విరిగింది" అంది చిన్నకోడలు.

బైండరమ్మ తువ్వాలు విప్పింది. వెన్ను చీలిపోయి ఉంది. లోపలి కాగితాలు జారుతున్నాయి. "ఏం చేశావే దీన్ని? దిండు కింద పెట్టుకున్నావా?"

"కింద కాదక్కా, దిండే. డ్యూటీలో కాస్త సందు దొరికితే బల్ల మీద దీని మీదే తల వాల్చేస్తాను."

"వాక్యం తలకెక్కాలంటే తల దాని మీద పెడితే చాలదమ్మా. తెరిచి చదవాలి."

"నీ అంత బుద్ధి నాకుంటే నర్సునెందుకవుతాను, అయ్యగారి భార్యనే అయ్యుందును" అని నవ్వి, "నువ్వయితేనే దీన్ని బతికిస్తావు. తొందరేం లేదు" అంటూ వెళ్ళిపోయింది.

అట్టలు ఊడదీసి, పాత జిగురు గీకి, కుట్టు విప్పుతుంటే బైండరమ్మకు పెన్సిలు రాతలు కనిపించాయి. వెడల్పాటి అంచులున్న పాతకాలపు పుస్తకం. ఆ అంచుల్లో అత్తగారి వంకర అక్షరాలు. ఒకచోట 'చిన్నమ్మాయి' అని ఉంది. పది పుటలు తిప్పితే మళ్ళీ 'చిన్నమ్మాయి'. ఆమె పని ఆపింది. మొదటి పుట నుంచి వెతకడం మొదలుపెట్టింది. పేరు కనిపించగానే వేలు మడిచేది, పుట తిప్పేసేది. తొందరలో వేలు తడుపుకుని మరీ తిప్పింది. బైండింగు చేసేవాళ్ళెవరూ చేయని పని అది.

చిన్నమ్మాయి పద్నాలుగు చోట్ల ఉంది. పెద్దమ్మాయి ఒక్కచోట.

ఆ ఒక్కచోటు ఏదో చూడగానే ఆమెకు తెలిసిపోయింది. ఇరవై రెండుసార్లు చదివిన కథ. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఒకామె ప్రభువు పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటుంటే, రెండో ఆమె వంటపనితో సతమతమై, నా చెల్లెలు నాకు సాయం చేయడం లేదు చూడమని ఫిర్యాదు చేస్తుంది. ఫిర్యాదు చేసిన ఆమె పక్కన రాసి ఉంది 'పెద్దమ్మాయి' అని.

దుప్పట్లు ఉతికినందుకు దక్కింది ఇదా అనుకుంది. చెవులు వేడెక్కాయి.

విడివడ్డ పుటల ఫారాలను మళ్ళీ కుట్టింది. వెన్నుకు జిగురు పట్టించింది. ఆరాక కటింగు మిషనులో పెట్టింది. అంచులు సమం చేయడానికి గోరంత మేర కోస్తే సరిపోయేది. ఆ సంగతి ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. పుస్తకాన్ని కత్తి కిందికి ఇంకాస్త జరిపింది. మరికాస్త జరిపింది. అచ్చు అక్షరాలకు తగలకుండా, పెన్సిలు అక్షరాలకు తగిలేలా, సరిగ్గా అర అంగుళం. చక్రం బిగించి పిడి లాగింది. కత్తి మెత్తగా దిగింది. పల్చటి పేలికలు కుప్పగా బల్ల మీద పడ్డాయి. వాటిని చేత్తో ఊడ్చి కిటికీ కింది గోనెసంచిలో వేసింది.

వారం తర్వాత చిన్నకోడలు వచ్చి పుస్తకాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుంది. "కొత్త పెళ్ళికూతురిలా చేశావు కదక్కా!" అని నవ్వుతూ తెరిచింది. నవ్వు కాస్త ఆగింది. "అత్తయ్య రాతలు సగం సగం ఉన్నాయేంటి?"

"అంచులు చివికిపోయాయి. కోయక తప్పలేదు" అంది బైండరమ్మ, జిగురు కలుపుతూ.

"అవునా." ఇంకో పుట తెరిచి అక్కడే కొంచెంసేపు చూస్తూ ఉండిపోయింది. "పోనీలే అక్కా. నీకు తెలియనిదా" అని తువ్వాలులో చుట్టుకుని వెళ్ళింది.

ఆ అబద్ధాన్ని పట్టుకోగలిగిన మనిషి ఊళ్ళో లేడు. పనితనానికి వంక పెట్టేవాళ్ళూ లేరు. రెండు రోజులు బైండరమ్మ మనసు తృప్తిగానే ఉంది. మూడో రోజు నుంచి అన్నం సయించలేదు. పదకొండో రోజు ఉదయం, ఆమె చదివే వరుసలో ఆ మాట రానే వచ్చింది. బలిపీఠం దగ్గర నిలబడ్డాక నీ మీద ఎవరికైనా విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడమన్న మాట. దాటవేయడం ఆమెకు అలవాటు లేదు. చదివింది. కానీ మొదటిసారిగా, చదివింది చేయలేదు.

ఆ ఆదివారం గుడిలో ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి అందరూ వరుస కట్టారు. బైండరమ్మ బెంచీ మీద నుంచి లేవలేదు.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు వాళ్ళాయన గుసగుసగా.

"బాగానే ఉంది. మీరు వెళ్ళండి."

"అయితే ముందుకు జరుగు, వెనక జనం ఆగిపోయారు."

"ఇది బస్సు కాదు. వెళ్ళండి" అంది. ఆమె కళ్ళు చూసి ఆయన మరి జోకు వేయలేదు.

బయటికొచ్చేటప్పుడు అయ్యగారు గుమ్మం దగ్గర, "ఏమ్మా, మీరు రాలేదు?" అని అడిగారు. "నా మీద ఒకరికి విరోధం ఉండాల్సిందండి. ఆ సంగతి వాళ్ళకింకా తెలియదు" అంది. అయ్యగారు ఇంకేమీ అడక్కుండా, "తెలియజేయండి మరి" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆస్పత్రికి వెళ్ళింది. చిన్నకోడలు వరండా చివర చిన్న గదిలో ఉతికొచ్చిన దుప్పట్లు మడత పెడుతోంది. బైండరమ్మ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒకటి మడిచారు. రెండోది మడుస్తుండగా చెప్పింది.

"అంచులు చివకలేదు."

"ఏంటక్కా?"

"అత్తయ్య పుస్తకం. అంచులు గట్టిగానే ఉన్నాయి. కావాలనే కోశాను. నీ పేరు తెగిపోయేలా కోశాను."

చిన్నకోడలు చేతులు ఆగాయి. "ఎందుకు?"

"కుళ్ళుతో." ఆ మాట బయటపడ్డాక మిగతావి వాటంతటవే వచ్చేశాయి. "మూడేళ్ళు ఎత్తి పడుకోబెట్టింది నేను. నవ్వింది నీతో. పుస్తకం నీకు. పేరు నీది, పద్నాలుగు చోట్ల. నేను లెక్కపెట్టాను. నాది ఒక్కటి, అదీ వంటింటి దగ్గర. క్షమించమని అడగడానికి వచ్చాను."

చిన్నకోడలు దుప్పటిని గుండెలకు అదుముకుని గోడవైపు చూసింది. ఎప్పుడూ నవ్వే ముఖం నవ్వకపోతే ఎలా ఉంటుందో బైండరమ్మ అప్పుడే చూసింది.

"నీకు వాక్యం వచ్చింది, పరుగెత్తుకొచ్చావు" అంది చివరికి. "క్షమించే వాక్యం నాకూ ఇవాళే రావాలని లేదు కదా. కోపంగా ఉందక్కా. చాలా కోపంగా ఉంది. ఆ ముక్కలేవి?"

"గోనెసంచిలో. పాత కాగితాలవాడు ఇంకా రాలేదు."

"రెండింటికి నా డ్యూటీ అయిపోతుంది. ఇంటికెళ్ళి ఆ సంచిని ఎవరినీ ముట్టుకోనివ్వకు."

నాలుగు మధ్యాహ్నాలు ఇద్దరూ ఆ సంచిని నేల మీద పోసుకుని కూర్చున్నారు. వకీళ్ళ కాగితాల ముక్కలు, పరిశోధనల ముక్కలు, అన్నింటి మధ్య ఆ పుస్తకం పేలికలు ఉల్లిపొరల్లా పల్చగా ఉండేవి కాబట్టి చేతికి తెలిసిపోయేవి. పెన్సిలు గీత కనిపించినదాన్ని పక్కన పెట్టేవారు. పుటలో మిగిలిన సగం అక్షరానికీ, పేలిక మీది సగం అక్షరానికీ జత కుదిరితే, బైండరమ్మ వెనక నుంచి టిష్యూ కాగితం వేసి మైదా జిగురుతో అతికించేది. తన తోడికోడలి పేరును తన చేత్తో ఒక్కొక్కటిగా మళ్ళీ నిలబెట్టడం. అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేరనుకుంది. మొదటి రెండు రోజులు చిన్నకోడలు అవసరమైన ముక్క తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

మూడో రోజు ఆమె అతికించిన పుట ఆరిందో లేదో చూస్తూ, "ఇది విను" అని ఉన్నట్టుండి చదవడం మొదలుపెట్టింది. ప్రసంగం సాగుతుంటే కిటికీలో కూర్చుని నిద్రపోయి, మూడో అంతస్తు నుంచి కింద పడ్డ యువకుడి కథ. "దీని పక్కన నా పేరు రాసింది మహాతల్లి."

బైండరమ్మ చెయ్యి ఆగింది.

"నీకు తెలియదా? పద్నాలుగూ లెక్కపెట్టానన్నావు?"

"పేరే చూశాను" అంది బైండరమ్మ నెమ్మదిగా. "పక్కన ఏముందో చదవలేదు."

"ఇరవై రెండుసార్లు చదివినదానివి, అప్పుడే మానేశావా?" చిన్నకోడలు పుటలు తిప్పింది. "ఇదిగో, చీమల్ని చూసి బుద్ధి తెచ్చుకోమని సోమరికి చెప్పే చోటు, చిన్నమ్మాయి. నాలుక నిప్పులాంటిదని చెప్పే చోటు, చిన్నమ్మాయి. దీపంలో నూనె లేకుండా బయలుదేరిన తెలివితక్కువ ఆడపిల్లలు, చిన్నమ్మాయి. పుస్తకం నాకెందుకిచ్చిందనుకున్నావు? ముద్దు ఎక్కువై కాదు. బాగుపడవే అని!"

బైండరమ్మ ఒక్కో పుటా తీసుకుని చూసింది. నిజమే. అంతా చీవాట్లే. మనసు తేలికపడాలి. పడలేదు.

"ఏంటలా ఉన్నావు?"

"పద్నాలుగు చోట్ల తిట్టిందంటే పద్నాలుగుసార్లు నిన్ను తలుచుకుందనే కదా" అంది.

చిన్నకోడలు నోరు తెరిచింది. "అక్కా! తిట్లకు కూడా కుళ్ళుకుంటావా?"

"ఏం చేయను, వస్తోంది."

"మరి నీదీ చదవనా? వంటింట్లో సతమతమయ్యే ఆవిడ." ఆ కథ గట్టిగా చదివి, "నిజమే కదా?" అంది. బైండరమ్మకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే నవ్వు వచ్చింది. నిజమే మరి. ఇద్దరూ నవ్వారు, కానీ చిన్నకోడలి నవ్వు ముందు ఆగిపోయింది.

"పదమూడే తిట్లు. పద్నాలుగోది వేరు" అంది. పిల్లల కోసం ఏడ్చి ప్రార్థించిన స్త్రీ కథ ఉన్న పుట తెరిచింది. 'చిన్న' అన్న సగం మాట, దాని కింద ఒక అంకె మొదలు. మిగిలింది లేదు. "ఇక్కడ ఒక తేదీ ఉండేది. ఆరేళ్ళ కిందట నాకు కడుపు పోయింది. మూడో నెల. ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య ఒక్కదానికే చెప్పాను. ఆవిడ ఆ తేదీ రాసుకుంది. ఈ ముక్క కోసమే మొదటి రోజు నుంచీ వెతుకుతున్నాను."

నాలుగో రోజు సంచి అడుగుదాకా వెతికారు. తరవాత బైండరమ్మ ఒక్కతే గది మూలలూ, మిషను కిందా, వీధి గుమ్మం దాకా ఊడ్చి చూసింది. దొరకలేదు. ఆ చోట ఖాళీ ముక్క ఒకటి, అంతే వెడల్పుది, అంతే పాతబడ్డ రంగుది, అతికించి పుస్తకాన్ని పంపించింది. సంజాయిషీ ఏమీ పంపలేదు.

తర్వాతి నెల ప్రభువు బల్ల రోజున కూడా ఆమె బెంచీ మీదే కూర్చుంది. వరుస కదులుతోంది. అప్పుడు చిన్నకోడలు డ్యూటీ బట్టల్లో, చెమటతో వచ్చి పక్కన కూలబడింది. సంచిలోంచి పుస్తకం తీసి, ఆ ఖాళీ ముక్కున్న పుట తెరిచి, పెన్సిలు చేతిలో పెట్టింది.

"రాయి."

"ఏం రాయను?"

చిన్నకోడలు చెవి దగ్గరికి వంగి తేదీ చెప్పింది.

బైండరమ్మకు ఆ రోజు గుర్తుంది. ఆదివారం. చిన్నకోడలు రాలేదు. "మీ ముద్దుల కోడలు ఇవాళ ఎక్కడ షికారుకెళ్ళిందో" అని తాను అత్తగారి ముందు సణిగింది. సాయంత్రం ఫోను వచ్చింది, అత్తగారు చాలాసేపు విన్నది. తరవాత పెన్సిలు అడిగి, కాసిని నీళ్ళు వేడిచేసి తెమ్మని తనను వంటింట్లోకి పంపేసింది.

రాసింది. అంకెలు స్పష్టంగానే వచ్చాయి. తనను గదిలోంచి పంపేశారన్న సంగతి తలుచుకుంటే, ఇప్పటికీ ఆ పాత నొప్పి ఒకటి లోపల కదిలింది. ఆ సంగతీ దాచలేదు.

"నాకింకా పూర్తిగా పోలేదే" అంది.

"నాకూ కోపం సగమే పోయింది."

"మరి అలా సగం సగంతో వెళ్ళొచ్చా? వాక్యంలో…"

"సమాధానపడి రమ్మన్నారు కానీ పూర్తిగా కోలుకుని రమ్మనలేదక్కా. మా ఆస్పత్రిలో కుట్లు విప్పకముందే లేపి నడిపిస్తాం. లే."

బైండరమ్మ లేచింది. వరుసలో తోడికోడలిని ముందు నిలబెట్టి తాను వెనక నిలబడింది. దగ్గరికి రాగానే అయ్యగారి ముఖం విప్పారింది, "నర్సమ్మా, వచ్చారా" అన్నట్టు. బైండరమ్మ ఆ నవ్వు చూసింది. పెదవి కొరుక్కుంది. చేతులు చాపి తన వంతు రొట్టె కోసం నిలబడింది.